అప్లికేషన్ మొదలైంది, మరి ఆ హెచ్చరికల మాటేమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సర్వర్ మీద నడిచే వెబ్ అప్లికేషన్‌ను స్టార్ట్ చేయగానే లాగ్‌లో (ప్రోగ్రాం తన పనిని నమోదు చేసే చోట) కనిపించే కాన్ఫిగరేషన్ హెచ్చరికలలో వేటిని పట్టించుకోవాలి, వేటిని వదిలేయవచ్చు అన్నదే ఆ విషయం. అందుకని తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పూర్తిగా వీటికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను జావా వెబ్ అప్లికేషన్‌ను ఎక్లిప్స్ అనే కోడ్ రాసే సాధనంలోంచి టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ మీద నడుపుతున్నాను. స్టార్ట్ చేసిన ప్రతిసారీ కన్సోల్‌లో ఇరవై ముప్ఫై ఎర్రటి లైన్లు వస్తాయి. కాంటెక్స్ట్‌కు (సర్వర్‌లో ఒక్కో అప్లికేషన్‌కు ఉండే సెట్టింగుల భాగానికి) 'సోర్స్' అనే ప్రాపర్టీని సెట్ చేయబోతే దానికి సరిపోయేది దొరకలేదని చెప్పే వార్నింగ్ వాటిలో ఒకటి. అప్లికేషన్ మాత్రం బాగానే పనిచేస్తోంది. వీటిని వదిలేయవచ్చా?

జవాబు: ముందు ఆ ఎరుపు సంగతి తేల్చుకుందాం, కంగారు పుట్టించేది అదే కాబట్టి. జావాతో పాటే వచ్చే లాగింగ్ వ్యవస్థ కన్సోల్‌కు రాసే ప్రతి లైనునూ, అది ఉత్త సమాచారమే అయినా సరే, స్టాండర్డ్ ఎర్రర్ అనే ప్రవాహంలోకే పంపుతుంది. ఆ ప్రవాహంలో వచ్చినదాన్నంతా ఎక్లిప్స్ ఎర్రటి అక్షరాలలో చూపిస్తుంది. కాబట్టి మీకు కనిపించే ఎరుపుకూ తప్పు తీవ్రతకూ సంబంధమే లేదు. లైను మొదట్లో ఇన్ఫో, వార్నింగ్, సివియర్ అనే మూడింటిలో ఏ మాట ఉందో చూడాలి. అలా చూస్తే, ఏపీఆర్ నేటివ్ లైబ్రరీ దొరకలేదన్న లైనూ, జార్ ఫైళ్లలో ట్యాగ్ లైబ్రరీల కోసం వెతికితే కొన్నింటిలో ఏమీ దొరకలేదన్న లైనూ ఇన్ఫో కిందికే వస్తాయి. మొదటిది లేకపోయినా టామ్‌క్యాట్ జావాలో రాసిన కనెక్టర్‌తో (రిక్వెస్టులను అందుకునే భాగంతో) చక్కగా పనిచేస్తుంది. రెండోది స్టార్టప్‌కు కాస్త సమయం వృథా అవుతోందని మాత్రమే చెబుతుంది.

ఇక 'సోర్స్' వార్నింగ్. మీ ప్రాజెక్టును సర్వర్‌కు చేర్చినప్పుడు, అది ఏ ప్రాజెక్టు నుంచి వచ్చిందో తనకు గుర్తుండటానికి ఎక్లిప్స్ సర్వర్.ఎక్స్ఎంఎల్ ఫైలులోని కాంటెక్స్ట్ ఎలిమెంటుకు 'సోర్స్' అనే యాట్రిబ్యూట్‌ను తగిలిస్తుంది. అది ఎక్లిప్స్ తన అవసరం కోసం రాసుకున్న గుర్తు. టామ్‌క్యాట్‌కు అలాంటి ప్రాపర్టీ ఉన్నట్టే తెలియదు కనుక, అర్థం కాలేదని ఒక లైను రాసి ముందుకు వెళ్లిపోతుంది. దీనివల్ల నష్టం ఏమీ లేదు. ఆ లైను కనిపించకూడదనుకుంటే, ఎక్లిప్స్‌లో సర్వర్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో, మాడ్యూల్ కాంటెక్స్ట్‌లను వేరే ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా పబ్లిష్ చేసే ఆప్షన్‌ను టిక్ చేయండి.

జవాబు ఇక్కడితో ఆపేస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే అచ్చం ఇదే రూపంలో, దాదాపు ఇవే పదాలతో, నిజంగా నష్టం చేసే వార్నింగ్ కూడా వస్తుంది. కనెక్టర్‌లో 'మ్యాక్స్‌థ్రెడ్స్' అని రాయవలసిన చోట చివరి 'ఎస్' వదిలేసి 400 అనే విలువ ఇచ్చారనుకోండి. టామ్‌క్యాట్ ఆగిపోదు. ఆ పేరుతో ప్రాపర్టీ దొరకలేదని ఒక లైను రాసి, తన డిఫాల్ట్ పరిమితి అయిన 200 థ్రెడ్లతోనే (ఒక్కో రిక్వెస్టును చూసుకునే పనివాళ్ల వంటివి) మొదలవుతుంది. మీరు మాత్రం 400 ఇచ్చాననే నమ్మకంతో ఉంటారు. 'సోర్స్' వార్నింగ్‌ను రోజూ చూసి అలవాటుపడిన కన్ను, దాని పక్కనే ఉన్న ఈ లైనును కూడా అదే కోవలో వేసి దాటిపోతుంది. హాని లేని హెచ్చరికను సైతం తొలగించుకోమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

స్టార్టప్‌లో వచ్చే కాన్ఫిగరేషన్ హెచ్చరిక దాదాపు ఎప్పుడూ చెప్పే సంగతి ఒక్కటే: మీరు ఏమీ చెప్పలేదు, లేదా మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు, అందువల్ల మీ బదులు నేనే ఒక నిర్ణయం తీసుకున్నాను. కాబట్టి ఏ హెచ్చరికను చదివినా అందులో వెతకవలసింది, ప్రోగ్రాం మన తరఫున తీసుకున్న నిర్ణయం ఏమిటన్నది. అది మనకు సమ్మతమైతే ఆ సంగతి కాన్ఫిగరేషన్‌లో రాసి పెట్టాలి, కాకపోతే మార్చాలి.

నేను పనిచేసిన ఒక చోట ఈ సంగతి చాలా కష్టపడి తెలుసుకోవలసి వచ్చింది. టామ్‌క్యాట్ 7 మీద ఏళ్ల తరబడి నడిచిన అప్లికేషన్‌ను 8కి మార్చాం. కాన్ఫిగరేషన్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేశాం. పరీక్షల్లో ఏ లోపమూ బయటపడలేదు. అసలు వినియోగదారులు రావడం మొదలయ్యాక, రద్దీ పెరిగే వేళకు పేజీలు లోడ్ అవుతూ అలాగే ఉండిపోయేవి. ఎర్రర్ రాదు, టైమౌట్ రాదు. సీపీయూ ఖాళీగా ఉంది, డేటాబేస్ కూడా ఖాళీగానే ఉంది. రెండు రోజులు నెట్‌వర్క్‌ను అనుమానిస్తూ గడిపాం. చివరికి థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ఒక్కో థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) తీస్తే, థ్రెడ్లన్నీ కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్లను పంచిపెట్టే చోటు) దగ్గర వరుసకట్టి ఎదురుచూస్తున్నాయి. అప్పుడు స్టార్టప్ లాగ్‌ను మొదటి లైను నుంచి చదివితే, కారణం అందులోనే ఉంది. 'మ్యాక్స్‌యాక్టివ్' అనే ప్రాపర్టీని డీబీసీపీ2 వాడదు, దాని బదులు 'మ్యాక్స్‌టోటల్' వాడండి, దాని డిఫాల్ట్ విలువ 8, మీరిచ్చిన 100 అనే విలువను పట్టించుకోవడం లేదు అని ఒక లైను. దాని కిందే, 'మ్యాక్స్‌వెయిట్' బదులు 'మ్యాక్స్‌వెయిట్‌మిల్లిస్' వాడండి, దాని డిఫాల్ట్ విలువ మైనస్ 1 అని మరో లైను.

టామ్‌క్యాట్ 8లో కనెక్షన్ పూల్‌కు వాడే లైబ్రరీ కొత్త తరానికి, అంటే డీబీసీపీ2కు, మారింది, దానితో పాటే ఈ పేర్లూ మారాయి. మేము వంద కనెక్షన్లు ఉన్నాయనుకుంటే ఉన్నవి ఎనిమిది. ఖాళీ కనెక్షన్ కోసం పది సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తుందనుకుంటే, మైనస్ 1 అంటే ఎంతసేపైనా ఎదురుచూడమని అర్థం. పరీక్షించినవాళ్లు ఎప్పుడూ ఎనిమిది మందికి మించలేదు కాబట్టి అప్పుడు లోపం కనిపించలేదు. ఆ హెచ్చరిక పాత పేరు, కొత్త పేరు, డిఫాల్ట్ విలువ, మేమిచ్చిన విలువ నాలుగూ చెప్పింది. చదవనిది మేమే. అప్పటినుంచి వెర్షన్ మార్చిన ప్రతిసారీ, మొదటి లైను నుంచి సర్వర్ ఇన్ని మిల్లీసెకన్లలో మొదలైందని చెప్పే లైను వరకు స్వయంగా చదవనిదే నేను పని ముగించను.

ప్రశ్న: స్ప్రింగ్ బూట్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ మొదలైనప్పుడు, 'ఓపెన్-ఇన్-వ్యూ' డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది, పేజీ తయారయ్యే దశలో డేటాబేస్ క్వెరీలు నడవవచ్చు అని వార్నింగ్ వస్తోంది. దాన్ని ఫాల్స్ చేయగానే వార్నింగ్ పోయింది కానీ, చాలా పేజీల్లో లేజీ ఇనీషియలైజేషన్ ఎక్సెప్షన్ మొదలైంది. మళ్లీ ట్రూ చేసేశాను. చేసింది సరైనదేనా?

జవాబు: ట్రూ అని మీ చేత్తో రాశారు కనుక వార్నింగ్ ఎలాగూ పోతుంది. స్ప్రింగ్ బూట్ అడుగుతున్నది కూడా అదే: ఏదో ఒకటి మీరే చెప్పండి అని. అయితే మీరు దేనికి ఒప్పుకున్నారో తెలుసుకుని ఒప్పుకోవడం మంచిది.

ఈ సెట్టింగు ట్రూగా ఉన్నప్పుడు, వెబ్ రిక్వెస్టు లోపలికి వచ్చినప్పుడు తెరిచిన హైబర్నేట్ (జావా కోడ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) సెషన్ జవాబు పూర్తిగా తయారయ్యేదాకా తెరిచే ఉంటుంది. అందువల్ల సర్వీస్ పొరలో ఆర్డర్‌ను మాత్రమే చదివి వదిలేసినా, తర్వాత టెంప్లేట్‌లోనో, జేసన్‌గా మార్చేటప్పుడో ఆ ఆర్డర్‌లోని వస్తువుల జాబితాను ముట్టుకోగానే హైబర్నేట్ చప్పుడు చేయకుండా మరో క్వెరీ పంపి తెచ్చి ఇస్తుంది. మీరు ఫాల్స్ చేసినప్పుడు, సెషన్ ముందే మూతపడటంతో వచ్చిన ఎక్సెప్షన్లు కొత్తగా పుట్టిన తప్పులు కావు. మీ పేజీలలో ఎక్కడెక్కడ ఇలా చాటున క్వెరీలు నడుస్తున్నాయో చూపించే పట్టిక అది. ఆ పట్టికను పారేయకుండా ఒక చోట రాసి పెట్టుకోండి.

ఈ సౌకర్యానికి మీరు చెల్లించేది రెండు చోట్ల. యాభై ఆర్డర్లున్న పేజీలో ఒక్కో ఆర్డర్‌కు వస్తువుల జాబితా విడిగా తెస్తే, ఒక్క క్వెరీ స్థానంలో యాభై ఒకటి నడుస్తాయి. రెండోది అంత తొందరగా కంటికి కనిపించదు. సెషన్ ఒకసారి డేటాబేస్ కనెక్షన్ తీసుకుందంటే, సాధారణంగా సెషన్ మూసేదాకా దాన్ని పూల్‌కు తిరిగి ఇవ్వదు. మధ్యలో మీ కోడ్ బయటి సర్వీసును పిలిచి రెండు సెకన్లు ఎదురుచూసిందనుకోండి, ఆ రెండు సెకన్లూ కనెక్షన్ ఏ పనీ లేకుండా మీ దగ్గరే ఉంటుంది. స్ప్రింగ్ బూట్ 2 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న హికారీ పూల్‌లో, మీరు మార్చకపోతే, ఉండేవి పది కనెక్షన్లే. అలాంటి రిక్వెస్టులు పది ఒకేసారి వస్తే పదకొండోది నిలబడిపోతుంది.

నా సలహా ఇది. కొత్తగా రాస్తున్న అప్లికేషన్ అయితే మొదటి రోజే ఫాల్స్ పెట్టండి, ఎందుకంటే ఎక్సెప్షన్ మీకు పని చేస్తున్నప్పుడే కనిపించి అప్పటికప్పుడే సరిదిద్దుకుంటారు. మీది ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్ కనుక, ప్రొడక్షన్‌లో (అసలు వినియోగదారులు వాడే చోట) ట్రూ ఉంచి, పరీక్షల ప్రొఫైల్‌లో (సందర్భాన్ని బట్టి ఎంచుకునే సెట్టింగుల కట్టలో) మాత్రం ఫాల్స్ పెట్టండి. విఫలమైన పేజీలను ఒక్కొక్కటిగా తీసుకుని, కావలసిన సంబంధాలను సర్వీస్ పొరలోనే జాయిన్ ఫెచ్‌తోనో ఎంటిటీ గ్రాఫ్‌తోనో చదవండి. పేజీకి కావలసిన నాలుగైదు విలువలను మాత్రమే మోసే చిన్న క్లాసులుగా మార్చి పంపడం ఇంకా మేలు. అన్నీ పూర్తయ్యాక ప్రొడక్షన్‌లో కూడా మార్చవచ్చు. ఎక్సెప్షన్ వచ్చిందని ప్రతి సంబంధాన్నీ ఈగర్‌గా (ఎప్పుడూ వెంటే తెచ్చేలా) మార్చేయడం మాత్రం చేయకండి. అది గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే, తర్వాత ప్రతి క్వెరీ అక్కర్లేని డేటాను వెంటబెట్టుకుని వస్తుంది.

ప్రశ్న: ఇదీ స్ప్రింగ్ బూటే. ప్రొడక్షన్ ప్రాపర్టీస్ ఫైలులో డేటాబేస్ చిరునామా మార్చి రీస్టార్ట్ చేశాను. అయినా పాత డేటాబేస్‌కే కనెక్ట్ అవుతోంది. ఒక్క వార్నింగ్ కూడా లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: వార్నింగ్ లేకపోవడమే మీ సమస్యలో కష్టమైన భాగం. లాగ్‌లో మొదటి కొన్ని లైన్లలో ప్రొఫైల్ గురించి ఒక ఇన్ఫో లైను ఉంటుంది, ముందు దాన్ని చూడండి. ఏ ప్రొఫైల్‌నూ ఎంచుకోలేదు, డిఫాల్ట్‌తో వెళ్తున్నాను అని అక్కడ ఉంటే, మీ ప్రొడక్షన్ ఫైలును స్ప్రింగ్ అసలు తెరవనే లేదు. ఫైలు పేరులో 'ప్రాడ్' అని ఉండి, సర్వర్‌లో ఇచ్చిన ప్రొఫైల్ పేరు 'ప్రొడక్షన్' అయితే ఇంకా తికమక: 'ప్రొడక్షన్' ప్రొఫైల్ పనిచేస్తోందని లాగ్ ధీమాగా చెబుతుంది, ఆ పేరుకు తగిన ఫైలు లేదని మాత్రం ఫిర్యాదు చేయదు. రెండు పేర్లనూ అక్షరం అక్షరం పోల్చి చూడండి.

ప్రొఫైల్ సరిగ్గానే ఉంటే, ఫైలుకంటే పైస్థాయిలో మరెవరో అదే సెట్టింగును ఇస్తున్నారని అర్థం. స్ప్రింగ్ బూట్‌లో కమాండ్ లైనులో ఇచ్చినది జావా సిస్టమ్ ప్రాపర్టీని, అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అది ప్రాపర్టీస్ ఫైళ్లను మించుతుంది. ఫైళ్లలోనూ జార్ బయట ఉన్నవి లోపల ఉన్నవాటిని మించుతాయి. ఎప్పుడో ఎవరో సర్వీస్ ఫైలులోనో కంటెయినర్ సెట్టింగులలోనో రాసిపెట్టిన వేరియబుల్ అక్కడే ఉండగా ప్రాపర్టీస్ ఫైళ్లన్నీ తిరగేయడం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అవుతుంది. వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ప్రాపర్టీ పేరులోని చుక్కలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో అండర్‌స్కోర్లు అవుతాయి, హైఫన్లు పూర్తిగా పోతాయి, అన్నీ పెద్ద అక్షరాలవుతాయి. 

నడుస్తున్న అప్లికేషన్ లోపలి వివరాలు చూపే యాక్చువేటర్ మాడ్యూల్ ఉంటే, దాని 'ఎన్వ్' ఎండ్‌పాయింట్ ఒక్కో ప్రాపర్టీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఫైలు అయితే ఏ లైనులో ఉందో కూడా చూపిస్తుంది. దాన్ని బయటి నెట్‌వర్క్‌కు మాత్రం తెరవకండి. పేరులో అక్షరం తప్పినా స్ప్రింగ్ బూట్ మామూలుగా నోరు మెదపదని కూడా తెలుసుకోండి. టామ్‌క్యాట్ కనీసం దొరకలేదని అంటుంది, ఇక్కడ ఆ మాట కూడా ఉండదు. మీ సొంత సెట్టింగుల క్లాసులలో తెలియని పేర్లను ఒప్పుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది, వాడుకోండి. పెద్ద వెర్షన్ మార్పు చేసేటప్పుడు ప్రాపర్టీస్ మైగ్రేటర్ అనే చిన్న మాడ్యూల్‌ను తాత్కాలికంగా చేర్చితే, పేరు మారిన ప్రాపర్టీలన్నింటినీ స్టార్టప్‌లోనే చెబుతుంది. పని పూర్తయ్యాక దాన్ని తీసేయాలి.

ప్రశ్న: లైబ్రరీలు అప్‌డేట్ చేశాక మా లాగ్ ఒక్కసారిగా శుభ్రమైపోయింది. ఎస్ఎల్ఎఫ్4జే అనే లాగింగ్ లైబ్రరీకి ప్రొవైడర్లు (లాగ్‌ను అసలు రాసే లైబ్రరీలు) దొరకలేదని మూడు లైన్లు తప్ప ఇంకేమీ రావడం లేదు. సంతోషించాలా?

జవాబు: ఆందోళన పడాలి. ఎస్ఎల్ఎఫ్4జే స్వయంగా ఏమీ రాయదు. లాగ్‌బ్యాక్ వంటి మరో లైబ్రరీకి అప్పగిస్తుంది. ఎవరూ దొరకకపోతే, వచ్చిన ప్రతి సందేశాన్నీ పారేసే ఉత్తుత్తి లాగర్‌ను పెట్టుకుంటుంది. అంటే ఇప్పుడు మీ అప్లికేషన్‌లో ఎర్రర్లు కూడా ఎక్కడా నమోదు కావడం లేదు. ఎస్ఎల్ఎఫ్4జే 1.7 వరకు ఒక పద్ధతిలో, 2.0 నుంచి జావా సర్వీస్ లోడర్ ద్వారా ఆ లైబ్రరీని వెతుకుతారు. ఏపీఐ 2.0కి మారి, లాగ్‌బ్యాక్ పాత 1.2లోనే ఉండిపోతే రెండూ ఒకదానికొకటి కనిపించవు. డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని వెంటబెట్టుకొస్తోందో చూపే జాబితా) తీసి రెండింటి వెర్షన్లను జతకలపండి. ఏ హెచ్చరికలు ఎన్ని ఉన్నా, ముందు సరిచేయవలసింది దీన్నే, ఎందుకంటే ఇది మిగతావాటిని మింగేస్తుంది.

ప్రశ్న: జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌ను ప్రొడక్షన్‌కు పంపే ముందు డిప్లాయ్ చెక్ నడిపితే ఐదారు సెక్యూరిటీ హెచ్చరికలు వచ్చాయి. అన్నింటికీ అది చెప్పిన విలువలు పెట్టేస్తే సరిపోతుందా? మా సర్వర్ ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ ఉంది, హెచ్‌టీటీపీఎస్ అక్కడే ముగుస్తుంది.

జవాబు: కొన్నింటికి వెంటనే, కొన్నింటికి ఆలోచించి. డీబగ్ ఆన్‌లో ఉందన్న డబ్ల్యూ018 నంబరు హెచ్చరికను, అనుమతించిన హోస్టుల జాబితా ఖాళీగా ఉందన్న డబ్ల్యూ020ని ఈ నిమిషమే సరిచేయండి. సెషన్ కుకీ, సీఎస్‌ఆర్‌ఎఫ్ (నకిలీ రిక్వెస్టులను అడ్డుకునే) కుకీ రెండూ సురక్షిత కనెక్షన్ మీదే వెళ్లాలన్న సెట్టింగులు కూడా సైటు మొత్తం హెచ్‌టీటీపీఎస్ మీద ఉంటే సంకోచించకుండా పెట్టవచ్చు.

హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించమనే డబ్ల్యూ008 దగ్గర ఆగండి. ఎన్‌జింక్స్ మీ అప్లికేషన్‌తో మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతోంది. కాబట్టి వచ్చిన ప్రతి రిక్వెస్టూ జాంగోకు అసురక్షితంగానే కనిపిస్తుంది. అది హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లమంటుంది, బ్రౌజర్ వెళ్తుంది, ఎన్‌జింక్స్ మళ్లీ హెచ్‌టీటీపీలో అందిస్తుంది, జాంగో మళ్లీ వెళ్లమంటుంది. చివరికి, మళ్లింపులు మరీ ఎక్కువయ్యాయని బ్రౌజరే చేతులెత్తేస్తుంది. అసలు కనెక్షన్ ఏ రకమో చెప్పే హెడర్‌ను ఎన్‌జింక్స్ పంపేలా చేసి, దాన్ని నమ్మమని జాంగోలో సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగు ద్వారా చెప్పాలి. ఆ హెడర్‌ను బయటివాళ్లు పంపినా ఎన్‌జింక్స్ దాన్ని తప్పనిసరిగా తన విలువతో మార్చేటట్టు చూడాలి. లేదా మళ్లింపు పనిని ఎన్‌జింక్స్‌కే వదిలేసి, సెట్టింగులలో మౌనంగా ఉంచవలసిన చెక్‌ల జాబితాలో డబ్ల్యూ008ని చేర్చి, మళ్లింపు ఎన్‌జింక్స్‌లో జరుగుతోందని పక్కనే ఒక వ్యాఖ్య రాయండి. కారణం రాసి పెట్టిన మౌనానికి నాకు అభ్యంతరం లేదు.

అన్నింటికంటే జాగ్రత్తగా ఉండవలసింది హెచ్‌ఎస్‌టీఎస్ గురించిన డబ్ల్యూ004 దగ్గర. దీనికి ఎన్ని సెకన్లు ఇస్తే అంతకాలం బ్రౌజర్ మీ సైటును హెచ్‌టీటీపీఎస్ మీద తప్ప తెరవనంటుంది, మీరు తర్వాత మనసు మార్చుకున్నా అప్పటికే వచ్చి వెళ్లిన బ్రౌజర్లు వినవు. అజాగ్రత్తగా పెడితే వెనక్కి తీసుకోలేని ఇబ్బందులు వస్తాయని ఆ హెచ్చరికలోనే రాసి ఉంది. మొదట 3600 సెకన్లు, అంటే ఒక గంట పెట్టి, సబ్‌డొమైన్‌లతో సహా అన్నీ సవ్యంగా ఉన్నాయని చూసుకున్నాకే 31536000 సెకన్లకు, అంటే ఏడాదికి పెంచండి.

సీక్రెట్ కీ (సెషన్లకూ లింకులకూ జాంగో ముద్ర వేసే రహస్య పదం) బలహీనంగా ఉందన్న డబ్ల్యూ009 కూడా వచ్చి ఉంటుంది. కీ 50 అక్షరాలకంటే తక్కువ ఉన్నా, అందులో వేర్వేరు అక్షరాలు ఐదుకంటే తక్కువ ఉన్నా, ప్రాజెక్టు తయారైనప్పుడు జాంగో పెట్టిన 'జాంగో-ఇన్‌సెక్యూర్' అనే మొదలు అలాగే ఉన్నా ఇది వస్తుంది. కొత్త కీ పెట్టగానే లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చేస్తారు, పంపిన పాస్‌వర్డ్ రీసెట్ లింకులు చెల్లవు. జాంగో 4.1 నుంచి పాత కీని ఫాల్‌బ్యాక్ జాబితాలో కొన్నాళ్లు ఉంచి ఈ ఇబ్బంది తప్పించవచ్చు. పాత కీ ఎవరి చేతికైనా చిక్కిందన్న అనుమానం ఉంటే మాత్రం ఆ జాబితాలో ఉంచకూడదు.

ప్రశ్న: మా ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ (మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ కంటెయినర్‌లో (అప్లికేషన్‌ను విడిగా నడిపే మూటలో) నడుస్తుంది. కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ వినియోగదారులందరూ లాగౌట్ అవుతున్నారు. కోడ్‌లో కారణం కనిపించడం లేదు.

జవాబు: కారణం కోడ్‌లో లేదు, స్టార్టప్ లాగ్‌లో ఉంది. డేటా ప్రొటెక్షన్ కీలను భద్రపరిచే డైరెక్టరీ కంటెయినర్ బయట నిలవకపోవచ్చు, కంటెయినర్ పోతే రక్షించిన డేటా అందదు అనే అర్థంతో ఒక వార్నింగ్ మీకు తప్పక కనిపిస్తుంది. లాగిన్ కుకీలను ఎన్‌క్రిప్ట్ చేసే కీలు అవే. పాత కంటెయినర్‌తో పాటు అవీ పోతాయి, కొత్తది కొత్త కీలు తయారుచేసుకుంటుంది, పాత కుకీలను విప్పలేకపోతుంది. కీలను వాల్యూమ్‌గా జతచేసిన డైరెక్టరీలో గానీ, డేటాబేస్‌లో గానీ ఉంచండి. అలా చేయగానే, కీలు ఎన్‌క్రిప్షన్ లేకుండా భద్రమవుతున్నాయనే మరో హెచ్చరిక మిగులుతుంది. సర్టిఫికెట్‌తో వాటిని రక్షిస్తే అదీ పోతుంది. ఒకే అప్లికేషన్ నాలుగు కంటెయినర్లలో నడుస్తుంటే, నాలుగూ ఒకే కీలను పంచుకోవాలి, లేకపోతే లాగౌట్‌లు కొత్త వెర్షన్ పెట్టినప్పుడే కాక ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతాయి.

ప్రశ్న: లాగ్‌లో హెచ్చరికలు కనిపించకూడదని పైవాళ్లు అంటున్నారు. లాగ్ స్థాయిని ఎర్రర్‌కు పెంచేస్తే తప్పేమిటి?

జవాబు: పైన చెప్పిన ఎనిమిది కనెక్షన్ల సంగతి మళ్లీ ఒకసారి చదవండి. అది మొదటి నుంచి చివరి దాకా వార్నింగ్ స్థాయిలోనే ఉంది, ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు. స్థాయిని పెంచితే మాకు దొరికిన ఆ ఒక్క ఆధారం కూడా దొరికేది కాదు. ఏదైనా ఒక హెచ్చరిక అక్కర్లేదని తేల్చుకుంటే, దాన్ని రాస్తున్న లాగర్ ఒక్కదాని స్థాయినే పెంచండి, మొత్తం అప్లికేషన్‌ది కాదు.

అంతకంటే పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాను. అప్‌గ్రేడ్‌కు ముందు వచ్చిన స్టార్టప్ లాగ్‌ను, తర్వాత వచ్చినదాన్ని, తేదీలూ సమయాలూ తీసేసి డిఫ్ కమాండ్‌తో పోల్చండి. కొత్తగా పుట్టిన నాలుగు లైన్లు బయటపడతాయి, వాటిని చదవడానికి ఎవరికైనా ఓపిక ఉంటుంది. జాంగో చెక్‌ను వార్నింగ్ స్థాయిలోనే విఫలమయ్యేట్టు నడపవచ్చు. ఎన్‌జింక్స్‌లో అలా కుదరదు. దాని కాన్ఫిగరేషన్ పరీక్ష, హెచ్చరికలు ఉన్నా పరీక్ష సఫలమైందనే అంటుంది. ఒకే సర్వర్ పేరు రెండు చోట్ల ఉందని, రెండోదాన్ని వదిలేశానని అది చెప్పినా స్క్రిప్టు ఆగదు, మీరు మార్చిన బ్లాకు ఆ రెండోదే అయితే ఎన్నిసార్లు రీలోడ్ చేసినా మార్పు కనిపించదు. అందుకని ఆ పరీక్ష రాసిన మాటల్లో 'వార్న్' అనే పదం ఉందేమో స్క్రిప్టు వెతకాలి.

ప్రశ్న: టామ్‌క్యాట్ మొదలవడానికి ఒక్కో వర్చువల్ మెషీన్ మీద రెండు మూడు నిమిషాలు పడుతోంది. సెక్యూర్ ర్యాండమ్ తయారవడానికి లక్షకు పైగా మిల్లీసెకన్లు పట్టిందని వార్నింగ్ వస్తోంది.

జవాబు: సెషన్ ఐడీల కోసం టామ్‌క్యాట్ ఊహించలేని సంఖ్యలను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తెచ్చుకుంటుంది. పాత లినక్స్ కెర్నెళ్లలో డెవ్ ర్యాండమ్ అనే పరికరం, తగినంత యాదృచ్ఛికత పోగయ్యేదాకా అడిగినవాళ్లను ఆపేస్తుంది. కీబోర్డు, మౌస్, డిస్క్ కదలికలు తక్కువగా ఉండే వర్చువల్ మెషీన్‌లో అది పోగవడానికి చాలాసేపు పడుతుంది. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి, మెషీన్ మొదలైన కొత్తలో తప్ప ఈ ఆపడం లేదు. కెర్నెల్‌ను మార్చగలిగితే అదే చేయండి. ఇప్పటికిప్పుడు కుదరకపోతే, జావాకు ఇచ్చే ఆప్షన్లలో ఈజీడీ ప్రాపర్టీని (ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది) ఎదురుచూపు లేకుండా ఇచ్చే డెవ్ యూర్యాండమ్ వైపు తిప్పండి. దారి రాసేటప్పుడు 'డెవ్'కూ 'యూర్యాండమ్'కూ మధ్య ఒక చుక్క, ఒక స్లాష్ అదనంగా పెట్టడం ఆనవాయితీ, ఎందుకంటే ఆ చుక్క లేని దారిని పాత జావాలు ప్రత్యేకంగా గుర్తించి మళ్లీ డెవ్ ర్యాండమ్‌కే వెళ్లేవి.